అరవై దాటిన గురి

2024 పారిస్ ఒలింపిక్స్‌లో తుర్కియే షూటర్ యూసుఫ్ డికెచ్ ఫొటో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. ఒక చేతిలో పిస్టల్, రెండో చెయ్యి ప్యాంటు జేబులో, ఒంటి మీద టీషర్టు, కళ్లకు మామూలు కళ్లజోడు. చుట్టూ ఉన్న పోటీదారుల్లో చాలామంది ప్రత్యేకమైన లెన్సులు, కంటికి అడ్డుపలకలు పెట్టుకొని వస్తే ఈయన ఏ హంగూ లేకుండా వచ్చి, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మిశ్రమ జట్ల పోటీలో షెవ్వాల్ ఇలాయ్దా తర్హాన్‌తో కలిసి రజతం గెలిచాడు. ఒలింపిక్ షూటింగ్‌లో తుర్కియేకు అదే మొదటి పతకం. అప్పటికి ఆయన వయసు 51. చేతిలో సత్తా ఉంటే సామగ్రి అక్కర్లేదని ఆ ఫొటోకు జనం అర్థం చెప్పుకున్నారు. నాకు అందులో వేరే సంగతి కనిపిస్తుంది. ఖాళీ చెయ్యి ఊగకుండా జేబులోనో నడుం పట్టీలోనో దోపుకోవడం పిస్టల్ షూటర్లలో చాలామంది చేసేదే. కళ్లజోడు చూపు కోసం పెట్టుకున్నది. రెండు కళ్లూ తెరిచి కాల్చడం ఆయన తనకు కుదిరిందని ఎంచుకున్న పద్ధతి. తన ఒంటికి ఏది నప్పుతుందో తేల్చుకొని, మిగతాది వదిలేసిన మనిషి ఆ ఫొటోలో ఉన్నాడు.

వయసు మీద పడ్డాక పిస్టల్ షూటింగ్ కొనసాగించాలన్నా, ఆ వయసులో కొత్తగా మొదలుపెట్టాలన్నా చేయవలసింది అదే. ఒంటితో పంతానికి పోకుండా పిస్టల్‌ను, కళ్లద్దాన్ని, నిలబడే తీరును, అవసరమైతే ఆట నియమాలను కూడా ఒంటికి తగ్గట్టు మార్చుకోవాలి. ఈ ఆటలో వయసు తీసుకుపోయే వాటిలో చాలావరకు ఇలాంటి మార్పులతో పూడ్చుకోగలిగినవే. ఒలింపిక్ చరిత్రే దీనికి మొదటి సాక్ష్యం. స్వీడన్‌కు చెందిన రాగ్నార్ స్కానాకర్ 1972లో మ్యూనిక్‌లో 50 మీటర్ల పిస్టల్ స్వర్ణం గెలిచాడు. 20 ఏళ్ల తరవాత 1992లో బార్సిలోనాలో, 58వ ఏట, అదే పోటీలో కాంస్యం గెలిచాడు. లాత్వియాకు చెందిన అఫనాసిస్ కుజ్మిన్స్ ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో తన తొమ్మిదో ఒలింపిక్స్ ఆడేసరికి, అంటే 2012 లండన్ నాటికి, ఆయనకు 65 ఏళ్లు. జార్జియా షూటర్ నీనో సలుక్వాడ్జే 1988లో సియోల్‌లో 19 ఏళ్ల అమ్మాయిగా స్వర్ణం గెలిచి, 2008లో బీజింగ్‌లో కాంస్యం తెచ్చి, 2024లో 55వ ఏట పారిస్‌లో తన పదో ఒలింపిక్స్‌లో నిలబడింది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆమె కొడుకు కూడా ఆమెతో పాటు అదే జట్టులో పిస్టల్ షూటర్. రైఫిల్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటే, స్వీడన్‌కే చెందిన ఆస్కార్ స్వాన్ 1920లో 72వ ఏట రజతం గెలిచాడు. పరుగులో, ఈతలో, జిమ్నాస్టిక్స్‌లో ఇలాంటి జాబితా రాయడం సాధ్యం కాదు.

వీళ్లు కోటికొకరు, వీళ్లను చూపించి మామూలు మనుషులకు ఆశ పెట్టడం సరికాదని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో నిజముంది. పారిస్‌లో మహిళల ఎయిర్ పిస్టల్ స్వర్ణం గెలిచిన కొరియా అమ్మాయి ఓ యే జిన్‌కు 19 ఏళ్లు, కాంస్యం తెచ్చిన మన మను భాకర్‌కు 22. పైవరస ఎక్కువగా కుర్రకారుదే. పైగా స్కానాకర్‌కూ సలుక్వాడ్జేకూ వెనక దశాబ్దాల సాధన ఉంది. అందుకే నేను ఒలింపిక్ పతకాల కన్నా ఉత్తరప్రదేశ్ బాగ్‌పత్ జిల్లాలోని జోహ్రీ గ్రామాన్ని గట్టి రుజువుగా భావిస్తాను. అక్కడ చంద్రో తోమర్ 65 దాటాక, మనవరాలికి తోడుగా ఊళ్లోని రైఫిల్ క్లబ్బుకు వెళ్లి, తొలిసారి పిస్టల్ పట్టుకుంది. ఆమె తోటికోడలు ప్రకాశీ తోమర్ కూడా అదే దారి పట్టింది. ఇద్దరూ వెటరన్ పోటీల్లో పదుల కొద్దీ పతకాలు తెచ్చుకున్నారు. వాళ్ల కథే 2019లో సాండ్ కీ ఆంఖ్ సినిమా అయింది. చంద్రో 2021లో కోవిడ్‌తో చనిపోయింది. బాల్యం నుంచి శిక్షణ లేదు, విదేశీ కోచ్ లేడు, ఒంట్లో ఉన్నదల్లా పశువులూ పొలమూ వంటిల్లూ మోసి గట్టిపడిన భుజం. నీళ్లు నింపిన కూజాను చాచిన చేత్తో పట్టుకొని నిలబడడం ఆమె ఇంటి సాధన అని చెబుతారు. ఆ వయసులో చూపూ కీళ్లూ కుర్రవాళ్లలా ఉండవు, అయినా గురి నేర్చుకోవడం కుదిరింది. ఎందుకు కుదిరిందో తెలియాలంటే గురి అనేది ఏయే భాగాలతో తయారవుతుందో విడదీసి చూడాలి.

ముందు కన్ను. వయసు మీదపడ్డ పిస్టల్ షూటర్ మొదట ఫిర్యాదు చేసేది దీని గురించే. మామూలు సైట్లున్న పిస్టల్‌తో గురి చూసేటప్పుడు మూడు వస్తువులు వరసలోకి రావాలి: వెనక సైటులోని గాడి, గొట్టం చివరనున్న ముందు సైటు, దూరంగా ఉన్న టార్గెట్ నల్లచుక్క. ఈ మూడూ ఒకేసారి స్పష్టంగా కనిపించడం ఏ వయసు కంటికీ సాధ్యం కాదు. యువకుడి కన్ను ఒకదాని మీంచి ఇంకొకదాని మీదికి చకచకా మారుతుంది కనుక ఆ లోపం అతనికి తెలియదు. నలభై దాటి చత్వారం వచ్చాక కంటిలోని కటకం గట్టిపడి ఆ మార్పు కుదరదు. ఇరవై ఏళ్లప్పుడు పది డయాప్టర్ల (కటకం పవరుకు కొలమానం) పైచిలుకు సర్దుకోగలిగిన కన్ను, అరవై వచ్చేసరికి ఒక డయాప్టరు కూడా సర్దుకోలేదు. అప్పుడు చాలామంది చేసే తప్పు ఏమిటంటే, దూరంచూపు బాగానే ఉంది కదా అని టార్గెట్‌ను స్పష్టంగా చూస్తూ సైట్లను మసకగా వదిలేయడం. లెక్క వేస్తే ఇది ఎంత నష్టమో తెలుస్తుంది. ముందు, వెనక సైట్ల మధ్య 350 మిల్లీమీటర్లు ఉన్నాయనుకుందాం. ముందు సైటు గాడి మధ్యలో ఉండకుండా ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, 10 మీటర్ల దూరాన గుండు 28 మిల్లీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వృత్తం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, ఆ తరవాత ఒక్కో వలయం వెడల్పు 8 మిల్లీమీటర్లు. అంటే పది పడాల్సిన చోట ఏడు పడుతుంది. టార్గెట్ మసకగా ఉంటే ఇంత నష్టం లేదు. మసక నల్లచుక్కకు కూడా మధ్య ఎక్కడో కన్ను సులభంగానే పోల్చుకుంటుంది.

కాబట్టి వయసు మళ్లిన కంటికి కావలసింది ముందు సైటును స్పష్టంగా నిలబెట్టే అద్దం. చదువుకోవడానికి వాడే అద్దం ఇక్కడ పనికిరాదు. అది 40, 50 సెంటీమీటర్ల దూరానికి కుదిర్చినది, చాచిన చేతిలోని పిస్టల్ ముందు సైటు కంటికి 80 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు దూరంలో ఉంటుంది. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలతో మరో ఇబ్బంది: దగ్గరి చూపు భాగం కింద ఉంటుంది కనుక గడ్డం పైకెత్తి చూడాల్సి వస్తుంది, దాంతో మెడ బిగుస్తుంది, నిలకడ పోతుంది. షూటర్ల కళ్లు చూసే వైద్యులు సాధారణంగా ఇచ్చేది ఒకే పవరున్న అద్దం. దూరంచూపు పవరుకు పిస్టల్ కోసం సుమారు 0.75 డయాప్టరు కలుపుతారు. అది కంటి చూపును ముందు సైటు మీదా కాకుండా, టార్గెట్ మీదా కాకుండా, సైటుకు కొంచెం అవతల నిలుపుతుంది. సైటు పదునుగా ఉంటుంది, టార్గెట్ మరీ కరిగిపోదు. దానికి తోడు అద్దం ముందు చిన్న రంధ్రమున్న ఐరిస్ బిగిస్తే ఆ రెండింటి మధ్య తేడా ఇంకా తగ్గుతుంది. అయితే రంధ్రం చిన్నదైనకొద్దీ వెలుగు తగ్గుతుంది, వయసుతో కంటిపాప కూడా కుంచించుకుపోయి ఉంటుంది కనుక ఐరిస్‌ను అతిగా బిగించకూడదు. శుక్లాల ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్లు తాము పిస్టల్ షూటర్లమని, మీటరు దూరంలో చూపు కావాలని డాక్టరుకు ముందే చెప్పడం మంచిది. లోపల పెట్టే లెన్సు ఎంపిక ఆ మాట మీద ఆధారపడవచ్చు, తరవాత చెబితే ఫలితం ఉండదు. గురిచూసే కన్నే బాగా దెబ్బతిన్న వాళ్లు కూడా నిరాశపడనక్కర్లేదు. రైఫిల్‌లా పిస్టల్‌ను చెంపకు ఆనించరు, అందుచేత కుడిచేత్తో పట్టుకొని తలను కాస్త తిప్పి ఎడమకంటితో చూడవచ్చు. చెయ్యే మార్చుకున్న మనిషీ ఉన్నాడు. హంగరీ సైనికుడు కరోలి తకాచ్ 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు, ఎడమచేత్తో నేర్చుకొని 1948లోనూ 1952లోనూ ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ స్వర్ణాలు గెలిచాడు. ఆయనది వయసు వల్ల వచ్చిన లోపం కాకపోయినా, గురి ఏ ఒక్క చేతికో కట్టుబడి ఉండదని ఆ కథ చెబుతుంది.

తరవాత వణుకు. చేతులు వణుకుతున్నాయని ఆట మానేసేవాళ్లే ఎక్కువ కనుక దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. చాచిన చెయ్యి ఎవరిదైనా కదులుతూనే ఉంటుంది. ఒలింపిక్ విజేత చేతిలోనూ పిస్టల్ రాయిలా నిలవదు, నల్లచుక్క కింద చిన్న పరిధిలో తేలుతూ ఉంటుంది. ఆ కదలికలు రెండు రకాలు. భుజం నుంచి చెయ్యంతా కలిసి, పిస్టల్ దిశ మారకుండా 3 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే గుండు కూడా 3 మిల్లీమీటర్లే జరుగుతుంది. పదిలో పడాల్సింది చాలాసార్లు పదిలోనే పడుతుంది. మణికట్టు దగ్గర దిశ మారితే మాత్రం పైన చెప్పిన లెక్క వర్తిస్తుంది, మిల్లీమీటరు తప్పు మూడు పాయింట్లు తినేస్తుంది. కాబట్టి వణుకునంతా ఆపాలని చూడడం కన్నా, మణికట్టు వంగకుండా చూసుకొని మిగతా ఊగిసలాటను ఒప్పుకోవడం తెలివైన పని. ఇక్కడే పిడి ప్రాధాన్యం తెలుస్తుంది. పోటీ పిస్టళ్ల చెక్కపిడిని చేతి ఆకారానికి తగ్గట్టు చెక్కించుకోవచ్చు, కింద అరచేతికి ఆనే పలకను పైకీ కిందికీ జరుపుకోవచ్చు. కీళ్లవాతంతో వాచిన వేళ్లకు పదేళ్ల కిందటి పిడి సరిపోదు. దాన్ని మళ్లీ రాపిడి పెట్టించుకుంటే, గట్టిగా బిగించి పట్టుకోవాల్సిన పని తగ్గి వణుకు దానంతటదే కొంత సర్దుకుంటుంది. ట్రిగ్గర్ విషయమూ ఇంతే. వయసు మళ్లినవాళ్లు పిస్టల్ కదలకుండా కనిపించే క్షణం కోసం ఎదురుచూసి, అది రాగానే ట్రిగ్గర్‌ను ఒక్కసారిగా లాగుతారు. ఆ లాగుడు మణికట్టును వంచుతుంది. ఊగుతున్నా సరే, వేలు ఒకే తీరున నొక్కుతూ పోవాలి. షుగరు వల్ల వేళ్లకు తిమ్మిరి పట్టినవాళ్లకు ఇది కష్టమే. రెండు దశల ట్రిగ్గర్‌లో మొదటి దశ ముగిసిన చోటు వేలికి స్పష్టంగా తెలిసేలా సర్దించుకుంటే మేలు. ఎయిర్ పిస్టల్‌లో ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములుండాలని అంతర్జాతీయ నియమం. పోటీలకు వెళ్లనివాళ్లు కూడా దానికన్నా తగ్గించడం మంచిది కాదు, మొద్దుబారిన వేలికి మరీ సున్నితమైన ట్రిగ్గర్ ప్రమాదకరం.

భుజం సంగతికి వస్తే, పోటీ ఎయిర్ పిస్టల్ బరువు ఇంచుమించు కిలో ఉంటుంది. కిలో అంటే ఏముందిలే అనిపిస్తుంది. దాన్ని చాచిన చేతి చివర పట్టుకోవాలి, చేతి బరువు కూడా భుజమే మోయాలి, పోటీలో 60 గుండ్లు కాల్చాలి, కుదరక దించేసినవీ సైటింగ్ కోసం కాల్చినవీ కలిపితే వందసార్లకు పైగా ఎత్తాల్సి వస్తుంది. వయసుతో కండరం తగ్గుతుంది, భుజం కీలు చుట్టూ ఉండే స్నాయువులు అరుగుతాయి. దీనికి నాకు తెలిసిన జవాబులు మూడు, మూడూ కలిపి వాడాలి. అంతర్జాతీయ నియమాల్లో ఎయిర్ పిస్టల్ గరిష్ఠ బరువు 1500 గ్రాములని ఉంది, కనిష్ఠ బరువు లేదు. అందువల్ల పొట్టి గొట్టమున్న తేలిక రకానికి మారడానికి అడ్డేమీ లేదు. రెండోది సమయం. 60 గుండ్లకు 75 నిమిషాలు ఇస్తారు, అంటే ఒక్కోదానికి నిమిషంపావు. ఎత్తిన తరవాత ఏడెనిమిది సెకన్లలో కాల్చలేకపోతే దించేసి, పిస్టల్‌ను బల్ల మీద ఆనించి ఊపిరి తీసుకోవాలి. కుర్రవాడు పన్నెండో సెకను దాకా లాగి తప్పించుకోగలడు, పెద్దవాళ్లకు ఆ అదనపు సెకన్లలో చూపూ భుజమూ రెండూ చెడతాయి. మూడోది కండరాల సాధన. ఈ వయసులో కసరత్తు ఏం పనిచేస్తుందిలే అనేవాళ్లు బోస్టన్‌లో జరిగిన ఒక పరిశోధన గురించి తెలుసుకోవాలి. 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో, వృద్ధాశ్రమంలో ఉంటున్న సగటున 90 ఏళ్లవాళ్లతో ఎనిమిది వారాలపాటు బరువులు ఎత్తించారు. వాళ్ల తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. పాల్గొన్నవాళ్లు పదిమందే, పరీక్షించింది తొడలనే. అయినా ముసలి కండరం సాధనకు స్పందించదన్న మాట తప్పని ఆ ఫలితం తేల్చేసింది. భుజం కోసం భారీ బరువులు అక్కర్లేదు, రబ్బరు పట్టీతో నెమ్మదిగా చేసే వ్యాయామం చాలు. నొప్పి ఉంటే ఫిజియోథెరపిస్టుకు చూపించుకున్నాకే మొదలుపెట్టాలి.

చేతివేళ్ల బలం తగ్గితే ఏ రకం పిస్టల్ అన్నదే పెద్ద ప్రశ్న అవుతుంది. పాతకాలపు ఎయిర్ పిస్టళ్లలో ప్రతి గుండుకూ ముందు ఒక లివరును బలంగా లాగి గాలి నింపుకోవాలి. బొటనవేలి మొదట్లో అరుగుదల ఉన్నవాళ్లకు అరవైసార్లు ఆ పని చేయడం నరకం. ముందే సిలిండర్‌లో గాలి నింపి ఉంచే రకంలో ఈ బాధ లేదు, గుండు పెట్టి మూసేయడమే. అమెరికాలో పరిస్థితి కొంత వేరు. అక్కడ 9 మిల్లీమీటర్లు, 0.45 అంగుళాల పిస్టళ్లు కాల్చే పెద్దలు ఎక్కువ. వాళ్లకు వేళ్లతో స్లైడు వెనక్కి లాగడం, పేలినప్పుడు వచ్చే తన్ను రెండూ సమస్యలే. వాళ్లు చేసుకున్న మార్పులు కూడా సూటిగా ఉన్నాయి: 0.22 పిస్టల్‌కు దిగడం, మెత్తటి స్ప్రింగున్న మోడళ్లు తీసుకోవడం, స్లైడును వేళ్లతో గుంజకుండా అరచేత్తో గట్టిగా పట్టి రెండోచేత్తో పిస్టల్‌నే ముందుకు నెట్టడం, రెండు చేతులతో పట్టుకోవడం. వాటన్నిటికన్నా ఎక్కువమందిని ఆటలో నిలిపింది రెడ్‌డాట్ సైటు. అందులో గాడి, ముందు సైటు ఉండవు. అద్దంలో కనిపించే ఎర్రచుక్క టార్గెట్ ఉన్న దూరంలోనే ఉన్నట్టు కంటికి తోస్తుంది. కన్ను దూరంచూపు మీదే నిలిస్తే చాలు, చత్వారం సమస్య చాలావరకు పక్కకు పోతుంది. అమెరికాలో బుల్స్‌ఐ అనే ఒంటిచేతి పిస్టల్ పోటీల్లో దీన్ని ఎప్పటినుంచో అనుమతిస్తున్నారు. ఒలింపిక్ తరహా పిస్టల్ పోటీల్లో మాత్రం అనుమతి లేదు. క్లబ్బులో సరదాగా కాల్చుకునే అరవైయేళ్ల మనిషి ఆ నిషేధాన్ని నెత్తిన పెట్టుకోవలసిన పని లేదు.

వినికిడి గురించి ఒక్క మాట: నిప్పు తుపాకుల మోత 140 డెసిబెళ్లు దాటుతుంది, ఇప్పటికే తగ్గిన వినికిడిని ఇంకా తగ్గిస్తుంది. చెవిలో ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ వాడాలి. మోతను ఆపి మాటలను వినిపించే ఎలక్ట్రానిక్ మఫ్‌లు పెద్దవాళ్లకు ఇంకా మంచివి, ఎందుకంటే రేంజి అధికారి ఆపమన్న మాట వినబడకపోవడం ఎవరికీ క్షేమం కాదు. ఇంతకన్నా తక్కువ మంది ఆలోచించేది మందుల గురించి. రక్తపోటుకు, గుండెకు, చేతివణుకుకు వాడే ప్రొప్రనోలాల్, అటెనోలాల్, మెటోప్రోలాల్ వంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్నీ వణుకునూ తగ్గిస్తాయి కనుక షూటింగ్‌లో నిషిద్ధాలు. 2008 బీజింగ్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు ప్రొప్రనోలాల్ వల్లే రెండు పిస్టల్ పతకాలు పోగొట్టుకున్నాడు. బీపీకి ఇచ్చే మూత్రం మాత్రలు కూడా అన్ని ఆటల్లోనూ నిషిద్ధ జాబితాలో ఉన్నాయి. అధికారిక పోటీలకు వెళ్లే పెద్దలు వైద్య మినహాయింపు కోసం ముందే దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా వేరే మందు ఉందేమో డాక్టరును అడగాలి. పోటీ కోసం తమంతట తాము మాత్ర ఆపేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా మానితే గుండెకు ముప్పు. ఏ పతకమూ దానికి సాటి రాదు.

ఇన్ని మార్పులు చేశాక అది షూటింగేనా అన్న అభ్యంతరాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. ఒంటిచేత్తో, ఏ ఆధారమూ లేకుండా నిలబడి కాల్చడంలోనే ఈ ఆట అందం ఉందని నమ్మేవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ నియమాలు ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు రాసుకున్నవే, అవి మారుతూనే ఉన్నాయి. స్కానాకర్ గెలిచిన 50 మీటర్ల పిస్టల్ పోటీ 2016 రియో తరవాత ఒలింపిక్స్‌లోనే లేదు. మహిళలకు 40 గుండ్లుండే ఎయిర్ పిస్టల్ పోటీని 2018 నుంచి పురుషులతో సమానంగా 60 చేశారు. పారా షూటింగ్‌లో చక్రాల కుర్చీలో కూర్చొని కాల్చే పోటీదారుల గురిని తక్కువదని ఎవరూ అనరు. జర్మనీ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడి ఊరూరా ఉండే షూటింగ్ సంఘాల్లో, 50 దాటినవాళ్ల కోసం ఆఫ్లాగె అనే విభాగమే ఉంది. పిస్టల్‌నైనా రైఫిల్‌నైనా ముందున్న ఆధారం మీద ఆనించి కాలుస్తారు, ఇంకా పెద్దవాళ్లకు స్టూలు మీద కూర్చునే వెసులుబాటు ఉంది. దీనికి జాతీయ ఛాంపియన్‌షిప్ కూడా జరుపుతారు. ఆధారం ఇచ్చాక ఆట సులువైపోతుందని అనుకుంటే పొరపాటు. అందరికీ ఆధారం ఉన్నప్పుడు భుజబలం లెక్కలోంచి తప్పుకొని చూపు, ట్రిగ్గర్, మనసు నిలకడ మాత్రమే మిగులుతాయి. స్కోర్లు పదికి దగ్గరగా గుమిగూడి, పాయింటులో పదోవంతు మీద గెలుపోటములు తేలతాయి. భుజం పోయిన మనిషిని ఇంటికి పంపేయడం కన్నా, అతనిలో ఇంకా పదునుగా ఉన్నదాన్ని కొలిచే పోటీ పెట్టడం న్యాయమని నా అభిప్రాయం. పాత పోటీ పాతగానే ఉంటుంది, దాన్ని కదిలించమని ఎవరూ అడగడం లేదు.

ఇంకో అభ్యంతరం బరువైనది: వృద్ధుల చేతికి తుపాకీ ఇవ్వడం క్షేమమేనా? ఈ ప్రశ్న అడగాల్సిందే. అమెరికాలో తుపాకీతో ప్రాణం తీసుకునేవాళ్ల రేటు వయసు మళ్లిన మగవాళ్లలోనే చాలా ఎక్కువ. మతిమరుపు వ్యాధి మొదలైన ఇంట్లో గుండ్లు నింపిన తుపాకీ ఉండడం అక్కడి కుటుంబాలకు నిజమైన భయం. కాబట్టి నేను వాదిస్తున్నది రేంజిలో, పర్యవేక్షణలో, వీలైతే ఎయిర్ పిస్టల్‌తో ఆడే ఆట గురించే. ఇంట్లో తలగడ కింద పెట్టుకునే ఆయుధం గురించి కాదు. ఆ తేడాను చెరిపేస్తే పెద్దలకు ఆట పేరుతో అపకారం చేసినట్టే. వయసు అనే అంకె చూసి ఎవరినీ ఆపకూడదు, ప్రవర్తన చూసి తప్పకుండా ఆపాలి. గొట్టం టార్గెట్ వైపే ఉంచడం మరచిపోతున్నా, ఆపమన్న తరవాత కూడా వేలు ట్రిగ్గర్ మీదే ఉంటున్నా, గుండు పెట్టానో లేదో గుర్తుండకపోతున్నా పక్కనున్నవాళ్లు ఆ మాట మర్యాదగా, ఆలస్యం చేయకుండా చెప్పాలి. చెప్పించుకున్నవాళ్లు పిస్టల్ పెట్టెలో పెట్టేయాలి. సంవత్సరానికోసారి కంటి, వినికిడి పరీక్షలు, కోచ్ ఎదుట భద్రతా నియమాల పునశ్చరణ అరవై దాటిన సభ్యులందరికీ తప్పనిసరి చేస్తే ఏ ఒక్కరి మీదా వేలెత్తి చూపినట్టు ఉండదు. పెద్దవాళ్ల వైపు నుంచి చూస్తే వాళ్లకు అనుకూలమైనది కూడా ఒకటుంది. తొందరపడకుండా, చెప్పింది చెప్పినట్టు, అదే వరసలో ప్రతిసారీ చేయడం ఈ ఆటలో భద్రతకూ స్కోరుకూ రెండింటికీ మూలం, ఆ గుణం కుర్రవాళ్లకు అలవాటు చేయడానికే కోచ్‌లు సగం కాలం ఖర్చుపెడతారు.

తెలుగు నేలలో షూటింగ్ అంటే గుర్తొచ్చేది హైదరాబాదే. 2012 లండన్‌లో రైఫిల్‌తో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్, 2023లో జరిగిన హాంగ్జౌ ఆసియా క్రీడల్లో పిస్టల్‌తో పతకాలు కొల్లగొట్టిన ఈషా సింగ్ ఇద్దరూ ఈ నగరం పిల్లలే. వాళ్లను చూసి పిల్లల్ని అకాడమీల్లో చేర్పించే తల్లిదండ్రులు పెరిగారు. ఆ పిల్లలకు తోడు వచ్చి బయట బెంచీ మీద కూర్చునే తాతలకూ అమ్మమ్మలకూ లోపల ఒక లేన్ ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ లేదు. నిర్ణీత శక్తికి లోబడిన 0.177 ఎయిర్ పిస్టల్‌కు మన చట్టంలో ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. క్లబ్బులు చేయగలిగిన పనులు చిన్నవే: రద్దీ లేని ఉదయం వేళల్లో పెద్దలకు ఒక గంట, లేన్ దగ్గర బలమైన వెలుతురు, ఆనుకోవడానికి ఒక ఆధారం, వెనక ఒక కుర్చీ, తేలికైన గాలి సిలిండర్ పిస్టళ్లు రెండు. జర్మన్ల పద్ధతిలో ఆధారంతో కాల్చే విభాగాన్ని జిల్లా స్థాయి పోటీల్లో ప్రయోగంగా పెట్టి చూడవచ్చు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చాచిన చేతిలోని పిస్టల్ ముందు సైటు నుంచి కంటికి ఎంత దూరమో టేపుతో కొలిచి రాసుకెళ్లమని సభ్యులకు చెబితే, ఆ ఒక్క కొలతతోనే సరైన అద్దం దొరికే అవకాశం పెరుగుతుంది.